గ్యాస్ మాత్ర మానగానే మంట ఎందుకు తిరగబడుతుంది?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తెనాలిలో బట్టల కొట్టు నడుపుతున్నాను. ఐదేళ్ల క్రితం ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తుంటే ఎండోస్కోపీ చేసి ‘యాంట్రల్ గ్యాస్ట్రైటిస్, రిఫ్లక్స్ గ్రేడ్ ఏ’ అని రాశారు. అప్పట్నుంచి పాంటోప్రజోల్ 40, డోంపెరిడాన్ 30 కలిసిన క్యాప్సూల్ రోజూ టిఫిన్ తిన్నాక వేసుకుంటున్నాను. రెండుసార్లు మానేసి చూశాను, మూడో రోజుకల్లా మంట మళ్లీ పట్టుకుంది. బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నడుం పట్టేస్తే నొప్పి మాత్ర వేసుకుంటాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. రోజుకు ఆరు టీలు. కొట్టు కట్టేసి ఇంటికెళ్లి భోంచేసేసరికి రాత్రి పదిన్నర, పదకొండుకల్లా పడక. ఈ మధ్య రాత్రిళ్లు అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇంగ్లీషు మందులు విషమని, అన్నీ ఒక్కసారే ఆపేసి ప్రకృతి వైద్యానికి రమ్మని మా బావగారు పోరుతున్నారు. మీరు ప్రకృతి వైద్యులు కాబట్టి అడుగుతున్నాను. ఆపేయవచ్చా?

సమాధానం: అన్నీ ఒక్కసారే ఆపకండి. బీపీ, షుగరు మాత్రల జోలికి అసలు వెళ్లొద్దు. గ్యాస్ మాత్ర మాత్రం మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నిదానంగా మానగలిగినదే. దానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. ముందు రాత్రి భోజనం వేళ మారాలి, ఆ తర్వాతే మాత్ర తగ్గాలి. ఈ వరస తిరగేసి చేసినవాళ్లు దాదాపు అందరూ వారంలోపే మళ్లీ మందుల షాపు మెట్లెక్కుతారు.

మందులంటే మా వైద్యంలో అనుమానం ఎక్కువే, అది ఉండాలి కూడా. ఈ మాత్ర దేనికి మొదలైంది, ఎన్నాళ్లకు రాశారు, ఆ కారణం ఇప్పటికీ ఉందా అని ప్రతి మందునూ అడగాలి. రిఫ్లక్స్ అంటే పొట్టలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం. మీ ఎండోస్కోపీలో రాసిన గ్రేడ్ ఏ అంటే దానివల్ల అన్నవాహిక అడుగున పడ్డ చాలా చిన్న ఒరుపు. దానికి మామూలుగా ఎనిమిది వారాల కోర్సు సరిపోతుంది. మీరు ఐదేళ్లుగా వేసుకుంటున్నారు. మళ్లీ ఒకసారి చూద్దామని మధ్యలో ఎవరూ అనలేదు. చీటీ కూడా అడగకుండా షాపులో స్ట్రిప్ ఇచ్చేస్తారు కాబట్టి మీకూ ఆగాల్సిన అవసరం రాలేదు. నా అభ్యంతరం ఈ అలవాటు మీదే, మందు మీద కాదు. మీ పాంటోప్రజోల్ జాతి మందుల్లో మొదటిది ఒమెప్రజోల్, 1988లో బజారులోకి వచ్చింది. అంతకుముందు అల్సరు ముదిరి రక్తం కక్కుకున్నవాళ్లకు పొట్ట కోసి ఆపరేషన్ చేయడం మామూలు సంగతి. ఆ బాధ తగ్గించిన మందును విషమనడం అన్యాయం.

ఇక మీరు మానగానే ఏం జరిగిందో చూద్దాం. జీర్ణాశయం గోడల్లో ఆమ్లాన్ని బయటికి తోసే సూక్ష్మమైన పంపులుంటాయి. పాంటోప్రజోల్ వెళ్లి వాటికి అతుక్కుని, ఇక పనిచేయకుండా చేస్తుంది. మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే, కానీ శరీరం కొత్త పంపులు తయారుచేసుకునేదాకా ఆమ్లం తగ్గే ఉంటుంది. ఆమ్లం తగ్గిందని గమనించిన శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోనును పెంచుతుంది. నెలల తరబడి గ్యాస్ట్రిన్ ఎక్కువగా ఉంటే ఆమ్లాన్ని ఊరించమని ఉసిగొల్పే కణాలు బలుస్తాయి. అప్పుడు ఒక్కసారిగా మాత్ర ఆపితే అడ్డు తొలగుతుంది, ఉసిగొల్పేవి మాత్రం అలాగే ఉంటాయి. దాంతో మందు మొదలుపెట్టక ముందుకన్నా ఎక్కువ ఆమ్లం ఊరుతుంది.

డెన్మార్క్‌లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఏ కడుపు బాధా లేని 120 మందిని తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు ఈ జాతి మందే అయిన ఎసోమెప్రజోల్ 40, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు ఆపిన తర్వాతి నాలుగు వారాల్లో అసలు మందు వాడినవాళ్లలో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పుల వంటివి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో అవి 15 శాతం మందికే వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రెండు నెలల వాడకంతో ఇలా అయింది. కాబట్టి మూడో రోజు మీకు మంట పుట్టడం జబ్బు అలాగే ఉందనడానికి రుజువు కాదు. ఎక్కువమందిలో ఈ తిరగబడే మంట రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తుంది, కొందరికి రెండు నెలల దాకా ఉంటుంది.

మరి మీరు మానడానికి తగినవారేనా? రెండు చిక్కుల మాట ముందే తేల్చుకోవాలి. గుండెకు స్టెంటు పడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడేవాళ్లకు, కీళ్ల నొప్పులకు రోజూ నొప్పి మాత్ర తినక తప్పనివాళ్లకు, అల్సరు నుంచి రక్తస్రావమైన చరిత్ర ఉన్నవాళ్లకు ఈ మాత్ర పొట్టకు కాపలా కాస్తుంది. ఎండోస్కోపీలో గ్రేడ్ సీ, డీ (ముదిరిన ఒరుపు) లేదా బారెట్స్ (ఆమ్లం తాకిడికి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అని రాసి ఉన్నవాళ్లకూ అంతే. వీళ్లు సొంతంగా మానకూడదు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. రెండోది, ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, తారులా నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, రక్తహీనత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పద్ధతి పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రో డాక్టరును కలవాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మీకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చే ఛాతీ మంట, చెమటతోనో ఆయాసంతోనో వచ్చేది, దవడకో ఎడమ చేతికో పాకేది గ్యాస్ అని ఎప్పుడూ అనుకోకండి. సోడా తాగి చూద్దాం, తెల్లారాక వెళ్దాం అని కూర్చోకుండా ఈసీజీ ఉన్న చోటికి వెంటనే వెళ్లండి. షుగరు ఉన్నవాళ్లలో గుండెపోటు చాలాసార్లు పొట్ట బాధలాగే కనిపిస్తుంది.

ఇక పని. మొదటి మూడు వారాలు మాత్ర మోతాదు తగ్గించకండి, వేసుకునే వేళ మాత్రం మార్చండి. టిఫిన్ తర్వాత వేసుకోవడం వల్ల ఐదేళ్లుగా కొంత ప్రయోజనం పోయి ఉంటుంది. ఈ మందు పనిచేస్తున్న పంపులనే పట్టుకుంటుంది, పంపులు లేచేది తిండి పడ్డప్పుడు. అందుకే టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు మంచినీళ్లతో వేసుకోవాలి, టీతో కాదు. అలాగే డోంపెరిడాన్ లేని ఉత్త పాంటోప్రజోల్ రాయమని మీ డాక్టరుగారిని అడగండి. డోంపెరిడాన్ వాంతులకు మంచి మందు, కానీ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉందని యూరప్ ఔషధ సంస్థ 2014లో దాన్ని వికారం, వాంతులకే, మామూలుగా వారం మించకుండా వాడాలని పరిమితం చేసింది. మన దగ్గర అది గ్యాస్ మాత్రలో కలిసిపోయి ఏళ్ల తరబడి లోపలికి వెళ్తోంది.

ఈ మూడు వారాల్లో అసలు మార్చాల్సింది మీ రాత్రి పదిన్నర భోజనం. నిండు పొట్టతో పడుకుంటే అన్నవాహిక అడుగున ఉన్న బిగింపు కండరం మీద బరువు పడి, ఆమ్లం పైకి తంతుంది. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలుండాలి. కొట్టు ముందే కట్టేయమని చెప్పను, అది మీ జీవనాధారం. ఏడున్నరకు క్యారియర్ కొట్టుకే తెప్పించుకోండి. రెండు జొన్న రొట్టెలు, లేకపోతే కప్పున్నర అన్నం, పలుచటి పప్పు, బీరకాయో సొరకాయో పొట్లకాయో ఒక కూర, గ్లాసు మజ్జిగ చాలు. తిన్నాక కౌంటరు వెనకాల కూలబడకుండా పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. వంగి తానులు ఎత్తే పని ఆ గంటలో కుర్రాళ్లకు అప్పగించండి. పదిన్నరకు ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని రెండు ముద్దలు తినమంటారు. ఆ రెండు ముద్దల దగ్గరే ఈ పద్ధతి చాలామందికి చెడిపోతుంది. ముందే వాళ్లకు విషయం చెప్పి ఉంచండి.

మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టండి. ఇటుకలు కూడా పనికొస్తాయి, జారకుండా కింద గోనె గుడ్డ వేయండి. తలగడలు ఎత్తుగా పేర్చుకుంటే ఫలితం ఉండదు, పైగా నడుం దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. డబుల్ కాట్ ఎత్తడం కుదరకపోతే భుజాల కింద దాకా వచ్చే ఏటవాలు ఫోమ్ దిండు దొరుకుతుంది, అది కొనుక్కోండి. ఎడమ వైపు తిరిగి పడుకోండి. అలా పడుకుంటే జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహిక ముఖద్వారానికి దిగువన నిలుస్తుంది, కుడివైపు పడుకుంటే సులువుగా పైకి పాకుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ రెండు పనులూ రాత్రి మంటకు ఎంత సాయపడతాయో చేసినవాళ్లకే తెలుస్తుంది, కానీ చేసేవాళ్లు తక్కువ.

టీలు ఆరు నుంచి రెండుకు రావాలి. ఒక్కరోజులో మానేస్తే తలనొప్పి వచ్చి మొత్తం వదిలేస్తారు. మూడు రోజులకొకటి చొప్పున తగ్గించండి. మిగిలే రెండూ పరగడుపున కాకుండా చూసుకోండి. కారం సంగతి చాలామంది అడుగుతారు. మిరపకాయ అల్సరు పుట్టించదు, కానీ ఇప్పటికే ఒరుసుకుపోయిన చోట తగిలితే భగ్గుమంటుంది. దానికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది నూనె, వేపుడు. కొవ్వు ఎక్కువైతే పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది, బిగింపు కండరం కూడా సడలుతుంది. కాబట్టి ఆవకాయ తినాలనిపిస్తే మధ్యాహ్నం ముక్క నంజుకోండి, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రి బిర్యానీ మాత్రం ఈ మూడు నెలలు వద్దు. ఉల్లిపాయ, టమాటా, చింతపండు పులుసు కొందరికి పడవు, కొందరికి ఏమీ చేయవు. రెండు వారాలు చిన్న పుస్తకంలో తిన్నదీ, వేళా, మంట వచ్చిందా లేదా రాసుకుంటే మీకు పడనివి రెండో మూడో తేలతాయి. అన్నీ మానేసి చప్పిడి కూడు తినాల్సిన పనిలేదు. బెల్టు ఒక రంధ్రం వదులు చేయండి. సిగరెట్టు, గుట్కా ఉంటే వాటి గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు.

మీ ఎత్తుకు 84 కిలోలు ఎక్కువ. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు లోపలి ఒత్తిడి పెంచి ఆమ్లాన్ని పైకి నెడుతుంది. మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది, షుగరుకూ బీపీకీ కూడా మేలు. అమెరికాలో సుమారు 43 వేల మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఒక లెక్క వేశారు. తగిన బరువు, పొగాకు లేకపోవడం, రోజుకు అరగంట చురుకైన వ్యాయామం, మంచి ఆహారం, టీ కాఫీ కూల్‌డ్రింకులు రెండు కప్పులు మించకపోవడం, ఈ అయిదూ పాటిస్తే రిఫ్లక్స్ బాధల్లో 37 శాతం దాకా తప్పించుకోవచ్చని అందులో తేలింది. గమనించి వేసిన లెక్క కాబట్టి దాన్ని అంతవరకే తీసుకోవాలి. 37 నూరు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. జీవన విధానం మారిస్తే అన్నీ పోతాయని మా వైపు నుంచి చెప్పేవాళ్లు ఆ మిగతా భాగాన్ని దాచకూడదు.

ఒక సాధన చెబుతాను, ఇది నాకు చాలా నమ్మకమైనది. అన్నవాహిక ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరంలోని కంత గుండా కిందికి దిగుతుంది, ఆ కండరమే బయటి నుంచి దాన్ని బిగించి పట్టుకుంటుంది. పొట్టతో ఊపిరి పీల్చే సాధన ఆ పట్టును బలపరుస్తుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో రోజుకు అరగంట చొప్పున నాలుగు వారాలు కొద్దిమందితో చేయించి, అన్నవాహికలోకి వచ్చే ఆమ్లం తగ్గినట్టు 2012లో చూపించారు. ఖాళీ పొట్టతో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక చేయి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద ఉంచండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చాలి, బొడ్డు మీది చేయి లేవాలి, ఛాతీ మీదిది కదలకూడదు. ఆరు లెక్కపెట్టేదాకా వదలాలి. పూటకు అయిదు నిమిషాలతో మొదలుపెట్టి రెండు పూటలా పదిహేను నిమిషాలకు తీసుకెళ్లండి. మంట తగ్గేదాకా కపాలభాతి, భస్త్రిక, శీర్షాసనం వద్దు. అవి పొట్టలో ఒత్తిడి పెంచేవి లేదా తలకిందులు చేసేవి. పొద్దున్నే లీటరుకు పైగా నీళ్లు గడగడా తాగడం కూడా రిఫ్లక్స్ ఉన్నవాళ్లకు పడదు, గ్లాసు చొప్పున గంట వ్యవధిలో తాగండి.

మా వైపు చిట్కాలనూ మందులను అడిగినట్టే అడగాలి. వంటసోడా అర చెంచాలో 600 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దే 2000, కాబట్టి బీపీ ఉన్న మీకు అది వద్దు. అతిమధురం చూర్ణం మంటకు మంచిదంటారు, అది బీపీని పెంచి రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది, అదీ వద్దు. చల్లటి పాలు పది నిమిషాలు హాయినిచ్చి, తర్వాత ఆమ్లాన్ని మళ్లీ ఊరిస్తాయి. నిమ్మరసం తేనె, వెనిగర్ మంట ఉన్న అన్నవాహికకు అదనపు పులుపు మాత్రమే. పొట్ట మీద మట్టి పట్టీ ఇరవై నిమిషాలు వేసుకుంటే చల్లగా, హాయిగా ఉంటుంది, వేసుకోండి, కానీ దాన్ని చికిత్సగా లెక్కపెట్టకండి. షుగరు మాత్రల మీద ఉండి డాక్టరును అడగకుండా దీర్ఘ ఉపవాసాలు చేయకండి.

మూడు వారాలు ఇలా గడిచి, రాత్రి మంట తగ్గిందనిపిస్తే అప్పుడు, డాక్టరుగారికి చెప్పి, మోతాదు దించండి. 40 మాత్రను విరిచి సగం వేసుకోవద్దు. దాని పైపూత ఆమ్లంలో మందు పాడవకుండా కాపాడేది, విరిస్తే మందు పొట్టలోనే నాశనమవుతుంది. వేరుగా 20 మిల్లీగ్రాముల స్ట్రిప్ అడిగి కొనండి. నాలుగు వారాలు రోజూ 20, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు 20, ఆ తర్వాత ఆపేయండి. అమెరికా గ్యాస్ట్రో వైద్యుల సంఘం 2022లో మందు మాన్పించడం గురించి ఇచ్చిన సూచనల్లో మెల్లగా దించినా, ఒక్కసారి ఆపినా పర్వాలేదంది. రెండుసార్లు ఒక్కసారే ఆపి దెబ్బతిన్న మీకు మెల్లగా దించడమే నయం.

దించే రోజుల్లో మంట వస్తే సాయానికి రెండు ఉంచుకోండి. భోజనం తర్వాత ఆల్జినేట్ ఉన్న సిరప్ రెండు చెంచాలు, అది పొట్టలోని తిండి మీద తెట్టులా తేలి ఆమ్లాన్ని పైకి రానివ్వదు. సీసా మీద సోడియం ఎంతో చూసుకోండి. రాత్రి మరీ ఎక్కువైతే ఆమ్లం తగ్గించే ఇంకో రకం మందు ఫామోటిడిన్ 20, డాక్టరు సలహాతో. కిడ్నీ సమస్య ఉంటే దాని మోతాదు తగ్గించాలి. దాన్ని రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో పట్టు తప్పుతుంది, అందుకే అవసరమైన రాత్రికే ఉంచుకోండి. ఇంట్లో అదే రకానికి చెందిన పాత రానిటిడిన్ ఉంటే పారేయండి. క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం కారణంగా అమెరికా 2020లో దాన్ని బజారు నుంచి తీయించింది.

అరికాళ్ల తిమ్మిరి మాటకొస్తే, దాన్ని షుగరు మీదికి తోసేయకండి. తిండిలోని బి12 విడివడాలంటే ఆమ్లం కావాలి. ఏళ్ల తరబడి ఈ మాత్ర, మెట్‌ఫార్మిన్ రెండూ వాడేవాళ్లలో బి12 తగ్గడం బాగా తెలిసిన విషయం, శాకాహారులైతే ఇంకా ఎక్కువ. ఈ వారమే బి12 పరీక్ష చేయించండి, దాంతోపాటు మెగ్నీషియం కూడా. లోపం ఉంటే డాక్టరు ఇంజెక్షన్లో మాత్రలో ఇస్తారు. ఆలస్యమైతే నరాల నష్టం పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఈ మాత్రతో మతిమరుపు వస్తుందని, కిడ్నీలు పోతాయని ఫోనుల్లో తిరిగే సందేశాలకు బెదరకండి. 17,598 మందిలో మూడేళ్లు పాంటోప్రజోల్‌ను ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో స్పష్టంగా పెరిగినవి పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రమే. మాత్ర మానడానికి భయం అక్కర్లేదు, అవసరం తీరిందన్న కారణం చాలు.

మీ మిగతా మందుల్లో రెండింటి గురించి డాక్టరుగారిని అడగండి. ఆమ్లోడిపిన్ ఆ బిగింపు కండరాన్ని సడలించగలదు. బీపీకి వేరే రకాలున్నాయి, మార్చడం కుదురుతుందేమో ఆయన చెబుతారు, మీరుగా ఆపకండి. నడుం నొప్పికి వేసుకునేది అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటిదైతే పొట్ట లోపలి పొరను దెబ్బతీసేది అదే. వేడి కాపడం, పారాసెటమాల్‌తో సరిపెట్టుకోగలరేమో చూడండి.

మందు పూర్తిగా ఆగి రెండు వారాలయ్యాక, పొట్టలో చేరే హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించండి. మలం లేదా శ్వాస పరీక్ష అయి ఉండాలి. మాత్ర వాడుతుండగా చేస్తే ఉన్నదాన్ని లేదని చూపించవచ్చు. రక్త పరీక్ష పాత ఇన్ఫెక్షన్‌నూ ఇప్పటిదాన్నీ విడదీయలేదు. పొట్టలో అల్సర్లకు ఈ బాక్టీరియా కారణమని కనిపెట్టినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. పరీక్షలో అది ఉందని తేలితే యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా, సాధారణంగా 14 రోజులు, వాడాల్సిందే. వేపాకు నూరి తాగితే అది పోదు. ఆ కోర్సులో ఈ గ్యాస్ మాత్ర కూడా మళ్లీ ఉంటుంది, దానికి కంగారు పడకండి.

ఇన్ని చేసి, ఆపిన తర్వాత రెండు నెలలు దాటినా వారానికి మూడు నాలుగు రోజులు మంట వస్తుంటే అది తిరగబాటు కాదు, అసలు రిఫ్లక్సే. అప్పుడు మందు లేని స్థితిలో మళ్లీ ఎండోస్కోపీ చేయించుకుని, దాన్ని బట్టి 20 మిల్లీగ్రాములు టిఫిన్‌కు ముందు వేసుకోండి. ఏడాదికొకసారి బి12 చూపించుకోండి. రాత్రి క్యారియర్ మాత్రం ఏడున్నరకే కొట్టుకు తెప్పించుకోండి.